మాట్లాడనక్కర్లేని చోటు: మాట పోయిన మనిషి చికిత్సలో పాట, కచేరీ

పక్షవాతం వల్ల మాట పోయిన 61 ఏళ్ల వ్యక్తికి స్పీచ్ థెరపిస్టుగా నేను 11 నెలల పాటు చేసిన చికిత్సను ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు ఆయన, ఆయన భార్య ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. పాట సాయంతో మాట తెప్పించే పద్ధతి కొత్తదేమీ కాదు, దాన్ని పరిచయం చేయడానికే అయితే ఈ కేసు రాయవలసిన పని లేదు. నేను ఈ కేసులో నేర్చుకున్నది వేరే సంగతి. సాధన ఆయనకు కొన్ని మాటలను తిరిగి ఇచ్చింది గాని, ఆ మాటలను పట్టుకుని నలుగురిలోకి వెళ్లాలన్న కోరిక మాత్రం కచేరీ హాలులో పుట్టింది. ఆ హాలు దాకా ఆయనను తీసుకువెళ్లే దారిలో నేను ఒక పొరపాటు చేశాను. నాలాంటి పని చేసేవారికి ఉపయోగపడుతుందని దాన్ని కూడా వివరంగా రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చేనాటికి

ఆయన ఉద్యోగ జీవితమంతా సర్వేయరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. మెదడు ఎడమ భాగానికి రక్తం తీసుకువెళ్లే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో గడ్డ అడ్డుపడి కుడి చెయ్యి, కాలు బలహీనపడ్డాయి, మాట పోయింది. అయిదు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చేనాటికి కర్ర సాయంతో నడుస్తున్నారు. ఎదుటివారు నెమ్మదిగా మాట్లాడితే చాలావరకు అర్థం చేసుకుంటున్నారు. చెప్పదలచుకున్నది మనసులో స్పష్టంగా ఉన్నా "అది", "కాదు", "అయ్యో" అనే మూడు మాటలే బయటికి వస్తున్నాయి. దీన్ని బ్రోకా అఫేసియా అంటారు. మాట ఎంత దెబ్బతిన్నదో కొలిచే వెస్ట్రన్ అఫేసియా బ్యాటరీ అనే పరీక్ష తెలుగు రూపంలో, ఎంత ఎక్కువ వస్తే అంత మెరుగనే లెక్కన, 100కి 38.6 వచ్చింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ అంకె కాదు. ఆయన ఇల్లు కదలడం మానేశారు. చూడటానికి వచ్చిన స్నేహితుల ముందు నోరు తెరిచి, మాట రాక, చివరికి గోడ వైపు తిరిగి పడుకుంటున్నారని ఆయన భార్య చెప్పారు. అఫేసియా ఉన్నవారిలో దిగులును వారిని ప్రశ్నలడిగి కొలవలేం కాబట్టి, దగ్గరివారు చూసినదాన్ని బట్టి నింపే పది ప్రశ్నల పత్రాన్ని ఆమె చేత నింపించాను. ఎంత ఎక్కువ వస్తే అంత దిగులున్నట్టు లెక్కించే ఆ పత్రంలో 30కి 19 వచ్చింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఆమె మరో మాట అడిగారు. పక్కింట్లో రేడియో మోగుతుంటే ఆయన పాటతో పాటు పల్లవి మొత్తం, మాటలతో సహా పాడుతున్నారట. "మాట రాని మనిషికి పాట ఎలా వస్తుందండీ? మా అబ్బాయైతే నాన్న కావాలనే మాట్లాడటం లేదేమో అంటున్నాడు" అన్నారు. ఈ అనుమానం నేను చాలా ఇళ్లలో విన్నాను. రోగికి జరిగే అన్యాయాల్లో ఇదొకటని నా నమ్మకం, అందుకే మరుసటి రోజే కొడుకును పిలిపించి కూర్చోబెట్టాను.

పాట ఎందుకు నిలిచింది

అతనికి చెప్పింది ఇదీ. అప్పటికప్పుడు ఒక వాక్యాన్ని కూర్చుకుని చెప్పడం ఒక పని, చిన్ననాటి నుంచి వందల సార్లు పలికి ఒకే గొలుసుగా మారిపోయిన మాటలను అప్పగించడం మరో పని. మొదటిదానికి చాలామందిలో మెదడు ఎడమ భాగమే ఆధారం. అంకెలు వరుసగా చెప్పడం, వారాల పేర్లు, తిట్లు, పద్యాలు, పాటలు రెండో రకానికి చెందుతాయి. వాటిలో కుడి భాగానికీ పాలుంది కాబట్టి ఎడమ భాగం దెబ్బతిన్నా అవి మిగులుతాయి. కాబట్టి పాట పాడగలగడం నటనకు రుజువు కాదు, అలాగని మాట తిరిగి వచ్చిందనడానికి గుర్తు కూడా కాదు. "పల్లవిలో 'నీళ్లు' అనే మాట పాడిన నాన్నగారే దాహం వేసినప్పుడు ఆ మాట కోసం వెతుక్కుంటారు" అని చెప్పి, అతని ఎదుటే అది చూపించాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ అనుమానం ఆ ఇంట్లో మళ్లీ వినిపించలేదు.

మిగిలిన ఆ దారిని మాట కోసం వాడుకోవాలనే ఆలోచనతోనే 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు పరిశోధకులు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీని ప్రవేశపెట్టారు. ఇందులో పాటలు పాడించరు. రోజూ అవసరమయ్యే చిన్న మాటలనే రెండు స్వరాల మీద నడిపిస్తూ, ఒక్కొక్క అక్షరానికి రోగి ఎడమ చేతితో బల్ల మీద తట్టిస్తారు. మొదట చికిత్సకుడు కూనిరాగంగా వినిపిస్తాడు, తర్వాత ఇద్దరూ కలిసి అంటారు, తర్వాత మధ్యలో తన గొంతును తగ్గించి రోగిని ఒంటరిగా పూర్తిచేయనిస్తాడు. చివరికి స్వరాన్ని తీసేసి మామూలు మాటకు దించుతాడు.

ఆ పద్ధతిని ఇంగ్లీషు నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఇంగ్లీషులో ఒత్తి పలికే అక్షరాన్ని పై స్వరంలో పెడతారు, తెలుగు నడకలో అలాంటి ఒత్తుకు ప్రాధాన్యం లేదు. నేను గురులఘువులను ఆధారం చేసుకున్నాను. "నీళ్లు కావాలి" అన్నప్పుడు "నీ" పై స్వరం, "ళ్లు" కింది స్వరం, "కావా" రెండూ పై స్వరం, "లి" మళ్లీ కిందికి. రెండు స్వరాల మధ్య దూరం షడ్జమానికి, సాధారణ గాంధారానికి మధ్య ఉన్నంతే. చేతి తట్టు మాత్రం అయిదు అక్షరాలకూ అయిదు. వారానికి అయిదు రోజులు, రోజుకు 45 నిమిషాల చొప్పున పది వారాలు ఇలా చేయించాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నిజాయితీ అనిపించుకోదు. ఈ పద్ధతిలో పనిచేసేది స్వరమా, లయా అనే చర్చ ఇంకా సాగుతూనే ఉంది. 2011లో జర్మనీలో స్టాల్, ఆయన సహచరులు 17 మంది రోగులతో చేసిన అధ్యయనంలో, పాడటం కన్నా లయ పట్టుకుని పలకడం, అలవాటైన పదబంధాలను వాడటం ముఖ్యమని తేలింది. నా అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. ఈయన విషయంలో స్వరం తప్పినా మాట వచ్చేది, చేతి తట్టు తప్పితే ఆగిపోయేది.

ఇంటి దగ్గర వినడం

సాధనతో పాటు రోజుకు ఒక గంట తనకు నచ్చిన సంగీతం వినమని మొదటి వారమే చెప్పాను. 2008లో ఫిన్లాండ్‌లో సర్కమో బృందం ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రేరణ. పక్షవాతం వచ్చిన 54 మందిలో కొందరు రెండు నెలల పాటు రోజూ తాము ఎంచుకున్న సంగీతం విన్నారు, కొందరు పుస్తకాల ఆడియో విన్నారు, మిగిలినవారు ఏదీ వినలేదు. మాటలకు సంబంధించిన జ్ఞాపకశక్తి, ధ్యాస నిలపడం సంగీతం విన్నవారిలో మిగతావారికన్నా మెరుగ్గా కోలుకున్నాయి, దిగులు కూడా తక్కువగా ఉంది.

మొదటి రెండు వారాలు ఈయన వినలేదు. కొడుకు ఎంతో శ్రద్ధగా "మెదడుకు మంచిది" అనే పేరుతో దొరికిన వాద్య సంగీతాన్ని ఫోనులో నింపి పెట్టాడు, ఆయన అది మొదలవగానే ఆపేసేవారు. చివరికి భార్య పాత క్యాసెట్ల పెట్టె ముందు పెట్టి ఒక్కొక్కటి చూపిస్తూ "ఇదా? ఇదా?" అని అడిగి ఆయన చేత ఏరించారు. అప్పటి నుంచి గంట చాలక రెండు గంటలు వినేవారు. సంగీతాన్ని మందుబిళ్లలా ఎవరో రాసిచ్చేది అనుకుంటే ఇలాగే జరుగుతుంది. సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఆనందంతో సంబంధమున్న డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు చూపించిన ప్రయోగంలో కూడా, వచ్చినవారు తమకు ఒళ్లు పులకరించే పాటలను తామే వెంట తెచ్చుకున్నారు. ఎవరి చెవికి ఏది ఇంపో వారే చెప్పాలి, మాట రాకపోయినా వేలు చూపి చెప్పగలరు.

నేను చేసిన పొరపాటు

నాలుగో వారానికి "నీళ్లు కావాలి", "నొప్పిగా ఉంది", "ఇప్పుడు వద్దు" వంటి ఎనిమిది మాటలు ఆయన తనంతట తాను అనగలిగారు. ఆ ఉత్సాహంలో, ఊళ్లో ఏదైనా కచేరీ ఉంటే తీసుకువెళ్లమని ఆయన భార్యకు చెప్పాను. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఎలాంటి కచేరీ, ఎంతసేపు, ఎక్కడ కూర్చోవాలి, మధ్యలో బయటికి రావాలంటే దారి ఉందా అన్న ఒక్క ప్రశ్న కూడా నేను అడగలేదు.

వారు వెళ్లింది ఆరుబయట పెద్ద లౌడ్‌స్పీకర్లతో జరిగిన కార్యక్రమానికి. పెద్దవారని మర్యాద చేసి ముందు వరుసలో, స్పీకరుకు అయిదారు గజాల దూరంలో కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాల్లో ఆయన తల పట్టుకుని ఏడ్వడం మొదలుపెట్టారు. జనం మధ్య నుంచి కర్రతో బయటపడటానికి మరో పదిహేను నిమిషాలు పట్టింది. ఆ తర్వాత రెండు వారాలు సాధనకు కూడా రాలేదు. దిగులు పత్రంలో అంకె 19 నుంచి 21కి పెరిగింది.

పక్షవాతం తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు. ఒకేసారి చాలా శబ్దాలు వచ్చి పడితే వడకట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, ఏడుపును ఆపుకునే పట్టు కూడా సడలి ఉంటుంది. ఇవన్నీ నాకు తెలుసు, తెలిసీ "సంగీతం మంచిదే కదా" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. మరుసటి నెల అదే మైదానంలో జరిగిన మరో కార్యక్రమానికి శబ్దమాపకంతో వెళ్లి ఆ ముందు వరుసలో నిలబడ్డాను. అంకె చాలాసేపు 100 డెసిబెల్స్ దాటే ఉంది. వేదికల్లో పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం చెబుతుంది. ఆరోగ్యవంతుల చెవికే అది పై హద్దు. నేను వారి ఇంటికి వెళ్లి, తప్పు నాదని ఆయనకు, ఆయన భార్యకు చెప్పి క్షమాపణ కోరాను. ఆయన ఎడమ చేతితో నా చెయ్యి పట్టుకుని "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" ఆయనకు మొదట మిగిలిన మూడు మాటల్లో ఒకటి, కానీ ఆ పూట అది సరిగ్గా అతికింది.

రెండో కచేరీ

ఈసారి తొందరపడలేదు. తొమ్మిదో వారంలో మైకు లేకుండా జరిగే వయొలిన్ కచేరీ ఒకటి చూశాం. అరవై మంది పట్టే హాలు. ముందు రోజే వెళ్లి చివరి వరుసలో, తలుపు పక్కనున్న రెండు కుర్చీలను అడిగి పెట్టించాం. అరగంట కాగానే వచ్చేయవచ్చని ముందే అనుకున్నాం. ఆ మధ్యాహ్నం ఆయన రెండు గంటలు పడుకునేలా చూడమని భార్యకు చెప్పాను. సాధనలో ఆ వారమంతా "బయటికి వెళ్దాం" అనే మాటనే పట్టించాను, అవసరమైతే ఆయనే చెప్పుకోవాలని.

ఆ మాట ఆయనకు అవసరపడలేదు. నేను రెండు వరుసల ముందు, ఓ పక్కగా కూర్చుని గమనించాను. పది నిమిషాలకు ఆయన ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేయడం మొదలైంది. ఇరవై నిమిషాలకు వీపు కుర్చీకి ఆనింది. విరామంలో పక్కాయన "ఎలా ఉందండీ?" అని మామూలుగా అడిగితే, వేలితో తొడ మీద మూడు సార్లు తట్టి "బాగుంది" అన్నారు. ఆ మాట నేను నేర్పినది కాదు, మా జాబితాలో లేదు. అడిగినాయన తల ఊపి తన దారిన తాను వెళ్లిపోయారు, మాట పోయిన మనిషితో మాట్లాడానన్న సంగతి ఆయనకు తెలియనే లేదు.

తర్వాత నేను చాలాసార్లు ఆలోచించింది ఈ దృశ్యం గురించే. మాట పోయినవారికి ప్రతి చోటూ ఒక పరీక్షే. పెళ్లికి వెళ్లినా, దుకాణానికి వెళ్లినా, ఇంటికి చుట్టాలొచ్చినా మౌనంగా ఉంటే అది అందరికీ కనబడుతుంది. కచేరీలో మాత్రం మాట్లాడకపోవడమే మర్యాద. రెండు గంటలు అక్కడ ఉన్న అరవై మందిలో ఎవరి మౌనమూ లోపం కాదు. ఆయన ఆరేడు నెలల తర్వాత మొదటిసారిగా నలుగురితో సమానంగా కూర్చున్నారు. భార్యకు కూడా ఆ రెండు గంటలూ మందులిచ్చే మనిషిగా కాకుండా పక్కన కూర్చున్న తోడుగా గడిచాయి. "చాలా రోజులకు ఆయన పక్కన ఊరికే కూర్చున్నానండీ" అని ఆవిడ అన్నప్పుడు నేను దాన్ని కేసు షీటులో రాసుకున్నాను.

ఇంట్లో అదే సంగీతం రోజూ వింటున్నా ఇలా జరగలేదు. ఎదురుగా మనిషి వాయించడంలో ప్రత్యేకత ఉందనడానికి ఆధారాలున్నాయి. 2024లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 27 మంది శ్రోతల మెదడును స్కాన్ చేస్తూ, ఆ స్పందనను చూసి పియానో వాద్యకారుడు అప్పటికప్పుడు వాయింపును మార్చుకునే ఏర్పాటు చేశారు. రికార్డు చేసిన సంగీతం కన్నా ప్రత్యక్షంగా వాయించినప్పుడు భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలా ఎక్కువగా, నిలకడగా స్పందించింది. ఇంగ్లండులో 2016లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 117 మంది శ్రోతల లాలాజలాన్ని కచేరీకి ముందూ తర్వాతా పరీక్షిస్తే, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ తగ్గినట్టు కనబడింది. మా కేసులో అలాంటి పరీక్షలు చేయలేదు. ఆయన భార్య కచేరీ రోజుల్లో ముందూ వెనకా రక్తపోటు చూసి రాసి పెట్టారు. అందులో నిలకడగా చెప్పదగ్గ మార్పేదీ లేదు. బిళ్లలు ఎప్పటిలాగే కొనసాగాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఆ తర్వాతి నెలలు

అప్పటి నుంచి 11వ నెల చివరి వరకు వారు మరో 12 కచేరీలకు వెళ్లారు. మేం గమనించిన మార్పు కచేరీ రోజున కన్నా దానికి ముందు రోజుల్లోనే ఎక్కువ. టికెట్ వచ్చిన నాటి నుంచి ఆయన క్యాలెండరు దగ్గరికి వెళ్లి తేదీ మీద వేలు పెట్టేవారు, గడ్డం గీసుకోవడానికి తనే అద్దం ముందు కూర్చునేవారు. మాంట్రియల్ ప్రయోగంలో సంగీతం పతాక స్థాయికి చేరినప్పుడే కాక, దాని కోసం ఎదురుచూసే క్షణాల్లో కూడా మెదడులో మరో చోట డోపమైన్ విడుదలైంది. అక్కడ కొలిచింది కొన్ని సెకన్ల ఎదురుచూపును, ఇది వారం రోజుల ఎదురుచూపు. రెండూ ఒకటేనని నేను అనను. కానీ రేపంటే ఏమీ లేని మనిషికి ఎదురుచూడటానికి ఒక శనివారం దొరకడం ఎంత పెద్ద విషయమో చూశాను.

సాధనకు కూడా దిశ దొరికింది. నేను తయారుచేసిన జాబితా పక్కన పెట్టి, కచేరీకి కావలసిన మాటలనే పట్టుకున్నాం: "రెండు టికెట్లు", "వెనక వరుస", "ఎవరు పాడతారు?", "ఇంటికి వెళ్దాం". పదో వారం చివరికి అఫేసియా అంకె 49.8కి, 11వ నెలలో 56.4కి చేరింది. దిగులు అంకె 21 నుంచి 10కి దిగింది. అయిదో నెల తర్వాత కూడా మెదడు కొంత తనంతట తాను కోలుకుంటుంది, వారానికి అయిదు రోజుల సాధన చేసే పని అది చేస్తుంది, భార్య ఓపిక మరొకటి. ఒక్క మనిషి కేసులో వీటిని విడదీసి ఇంత శాతం సంగీతానిదని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

పెద్ద అధ్యయనాలను చదివేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం. ఇంగ్లండులో 50 ఏళ్లు దాటిన 6,710 మందిని 14 ఏళ్ల పాటు అనుసరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కచేరీలు, నాటకాలు, ప్రదర్శనశాలల వంటివాటికి కొన్ని నెలలకొకసారైనా వెళ్లేవారిలో మరణించే అవకాశం అసలు వెళ్లనివారికన్నా 31 శాతం తక్కువగా కనిపించింది. డబ్బు, చదువు, అప్పటికే ఉన్న జబ్బుల వంటివాటిని లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. అయినా అది గమనించి రాసిన అధ్యయనమే. నడవగలిగి, తోడున్నవారే కచేరీకి వెళ్లగలరన్నది మిగిలే ఉంటుంది. "కచేరీకి వెళ్తే ఆయుష్షు పెరుగుతుందటగా" అని అడిగిన కొడుకుకు నేను ఇదే చెప్పాను. నాన్నగారు వెళ్లాలనుకుంటున్నారు, వెళ్లినప్పుడు బాగుంటున్నారు, తీసుకువెళ్లడానికి ఆ కారణం చాలు.

ఇప్పుడు కచేరీకి పంపే ముందు ప్రతి కుటుంబాన్నీ నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. సంగీతం ఎవరు ఎంచుకున్నారు, స్పీకర్లు ఉంటే ఎంత దూరంలో కూర్చుంటారు, చెవిలో పెట్టుకునే మెత్తటి బిరడాలు ఉన్నాయా, తలుపు ఎంత దగ్గర, ఆ రోజు పగలు విశ్రాంతి దొరికిందా, మధ్యలో లేచి వస్తే ఎవరైనా ఏమైనా అంటారన్న భయం ఉందా. చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు చాలామంది తల దించుకుంటారు. లేచి రావడం తప్పు కాదని నా నోటితో ఒకసారి చెప్పించుకుంటే వారికి ధైర్యంగా ఉంటుంది.

ప్రస్తుత స్థితి

ఆయన ఇప్పటికీ జరిగిన సంగతిని వరుసగా చెప్పలేరు. ఫోనులో మాట్లాడలేరు, ఎదుటి మనిషి ముఖం కనబడకపోతే రెండో మాటకే ఆగిపోతారు. వాక్యాలు మూడు నాలుగు మాటలు దాటడం లేదు. స్నేహితుల్లో ఇద్దరు మళ్లీ ఇంటికి వస్తున్నారు, వారిలో ఒకరు నెలకోసారి కచేరీకి తోడు వెళ్తున్నారు. సాధనను వారానికి రెండు రోజులకు తగ్గించాం. అఫేసియా ఉన్న మరో నలుగురితో కలిపి బృందంగా పాడించాలని ఏర్పాట్లు చేస్తున్నాను. ఆయనను అడిగితే కాసేపు ఆలోచించి, ఎడమ చేతితో బల్ల మీద తడుతూ "పాడతా... వెనక వరుస" అన్నారు.